పిట్టలు తోలే దావీదు చెప్పిన గద్ద కథ

మా బస్తీల దావీదు బాపు నోరు తెరిస్తే జంతువులు బయటికొస్తయి. పహాడీ షరీఫ్‌కు ఏ తొవ్వల పోవాలె అని మీరు అడిగిండ్రనుకోండి, ఆయన ముందుగాల ఒక నక్కను నిలబెడ్తడు. ఆ నక్క తొవ్వ తప్పుతది. దానికి ఒక ముసలి ముంగిస ఎదురైతది. ముంగిస చెప్పంగ చెప్పంగ పొద్దుగూకుతది, మీరు ఎక్కాల్సిన బస్సు ఎల్లిపోతది, ఆఖరికి ఆయన చూపుడు వేలు పైకెత్తి "నీతి" అంటడు. నీతి మీ చేతికొస్తది. తొవ్వ మాత్రం తెల్వది.

ఇసొంటి మనిషి బతుకు గూడ రాయాల్నా అని అడుగుతరేమో. రాసేటోళ్లందరు పెద్ద పెద్దోళ్ల గురించే రాస్తే, చిన్నోళ్లను చూసి నవ్వేదెవరు? పైగా ఆ పని నా అంత మంచిగ చేసేటోడు శంషాబాద్ మొత్తంల లేడు. నేను పదో తరగతి నడుమ బడి ఇడిచిపెట్టిన. నేనే ఇడిచిపెట్టిన, బడి నన్ను ఇడువలే. హెడ్మాస్టరు మా వాకిట్ల కూసొని కండ్లనీళ్లు వెట్టుకుంటే మా అమ్మనే చాయ్ పోసి పంపించింది. ఇప్పుడు కారు నడుపుతున్న, ఏర్‌పోర్టుకు సవారీలు తోల్త. దిగుదామని వచ్చిన ఒక విమానం, పక్క రోడ్డు మీద నా కారు ఉరుకుడు చూసి సిగ్గుపడి మళ్లా పైకి లేచిపోయిన సంగతి ఇక్కడ ఎవర్ని అడిగినా చెప్తరు. ఎవరన్న చెప్పకపోతే వాడు ఈ ఊరోడు కాదన్నట్టు.

ఇగ దావీదు బాపు కొలువు ఏందో చెప్త, నవ్వొద్దు. ఆయన ఏర్‌పోర్టు లోపట పిట్టలను తోల్తడు.

రన్‌వే పక్కపొంటి గడ్డి ఉంటది. గడ్డిల పురుగులు, పురుగుల కోసం పిట్టలు, వాటన్నిటి మీద కన్నేసి పైన గద్దలు. గద్ద పోయి విమానం ఇంజన్ల పడితే గద్ద సంగతి సరే, విమానంల కూసున్నోళ్ల సంగతి గూడ దేవుడే చూసుకోవాలె. అందుకని ఒక కంట్రాక్టరు కింద కొంతమందిని పెట్టిండ్రు. జీపుల తిరుగుతరు, పటాకుల తుపాకి పేలుస్తరు, చేతులూపుకుంట ఉరుకుతరు. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మెరిసే పచ్చ కోటు తొడుక్కొని, మోకాళ్ల నొప్పులతోని కుంటుకుంట, కొంగల ఎన్క "హుయ్ హుయ్" అని పోతుంటే కిటికీలకెల్లి చూసేటోళ్లు ఏమనుకుంటరో నాకు తెలుసు. వాళ్లే నా కార్ల ఎక్కుతరు గదా. "లోపల ఎవరో పిచ్చాయన తిరుగుతున్నాడండీ" అని నాకే చెప్తరు. మా బస్తీ మనిషే అని నేను చెప్పను. మనకూ ఇజ్జత్ ఉంటది.

వారమంతా పిట్టల మీద పటాకులు పేల్చే ఈ మనిషి ఆదివారం రాంగనే తెల్ల అంగీ తొడుక్కొని మందిరంల సండే స్కూల్ పిల్లలకు కథలు చెప్తడు. ఆ కథలల్ల కాకులు బుద్ధి చెప్తయి, గోరింకలు క్షమిస్తయి, కొంగలు పశ్చాత్తాపపడ్తయి. అయే కొంగలు. నిన్న శనివారం ఆయన ఎంటవడి ఎల్లగొట్టినయే. పిల్లలకు ఈ సంగతి తెల్వది. పెద్దోళ్లకు తెలుసు గాని ఎవ్వరు చెప్పలే. తాత విమానాల కాడ పెద్ద పని చేస్తడు అని పిల్లలు అనుకుంటరు. ఆయన మనుమరాలు జెరూషా అయితే, మా తాత చెయ్యి ఊపితేనే విమానం లేస్తది అని బడిల చెప్పుకున్నది. చెయ్యి ఊపుతడు, ఆ మాట అబద్ధం గాదు.

ఆ కొలువు ఏడాదికొకసారి మళ్లా రాయించుకోవాలె. కాగితం మీద పేరు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. ఇంటి కిరాయి, జెరూషా చదువు దాని మీదనే నడుస్తయి. ప్రేమమ్మ, అంటే ఆయన భార్య, హాస్టల్ల వంట చేస్తది గాని ఆ వచ్చేది ఉప్పుకు పప్పుకే సరి. ఆ కొలువు పోతే, మోకాళ్లు వాచిన ఈ నీతుల మూటను ఇంకొకడు పనిల పెట్టుకుంటడా? నేనైతే పెట్టుకోను.

అసలు ఈ కథల మనిషి ఎట్ల తయారైండో చెప్తే మీకు ఇంకింత చీదర పుడ్తది. వాళ్ల నాయన మేకలు కాసేటోడు. దావీదు గూడ చిన్నప్పుడు మేకల ఎంట తిరిగిండు. మేకలు ఎన్నడు ఆయనతోని మాట్లాడలే, అందుకే ఆ లోటు ఇప్పటిదాక తీర్చుకుంటున్నడు. వయసుల కాటేదాన్‌ల బకిట్లు చేసే కార్ఖానాల చేరిండు. ఎండాకాలం మిషన్ల కాడ మనుషులు ఉడికిపోతుంటే, ఫ్యాన్లు పెట్టియ్యమని షేటును అడుగుదమని అందరు ఒక్క తాన జమైండ్రట. దావీదు నడుమ నిలవడి చీమ కథ చెప్పిండు. కష్టపడ్డ చీమ, పాటలు పాడిన మిడత. అందరు మెత్తవడి ఎవరి మిషను కాడికి వాళ్లు పోయిండ్రు. షేటు ఖుషీ అయి దావీదుకు ఒక బకిట ఇచ్చిండు. అంచు పగిలిన బకిట. ఫ్యాన్లు రాలే. కొన్నేండ్లకు షేటు కార్ఖానా మూసి జాగ అమ్ముకుంటే చీమలన్ని రోడ్డు మీద వడ్డయి.

చీమ కథ ఎప్పుడూ చీమలకే చెప్తరు, గమనించిండ్రా? మిడతలకు ఎవ్వడు చెప్పడు. మిడతలు చల్లటి గదులల్ల కూసొని చప్పట్లు కొడ్తయి. కుందేలు తాబేలు ముచ్చట గూడ గంతే. ఉరుకులాడే కుందేళ్లను నేను దినాం నా కార్ల కూసోవెట్టుకుంట. ఒక్కటి గూడ నడుమల చెట్టు కింద పండుకోలే. కాకి, కుండ, రాళ్లు అంటరా? ఆ కథ మా సారు చెప్పిన్నాడు నేను నమ్మి, ఇంటికొచ్చి నడి ఎండల కుండ పెట్టి పక్కకు రాళ్లు కుప్ప పోసిన. కాకి వచ్చింది. కుండను చూసింది, రాళ్లను చూసింది, నన్ను చూసింది. ఒక రాయి ముక్కుతోని పట్టుకొని లేచి సక్కగ నా నెత్తి మీద ఇడిచింది. మచ్చ ఇప్పటికి ఉన్నది, కావాల్నంటే టోపీ తీసి చూపెడ్త.

దావీదుకు ఇవేవి ఎక్కయి. పిట్టలు తోలే కొలువుకు పోయిన్నాడు "పిట్టల గురించి నీకేం తెలుసు" అని అడిగితే, "వాటి మనసు తెలుసు సార్" అన్నడట. "ఉరుకుతవా" అని అడిగి పెట్టుకున్నరు.

ఇగ గద్ద కథకొస్త. ఆ ఆదివారం మందిరంల ప్రేమ విందు ఉన్నది. ప్రేమ ఉన్న కాడ నేను ఉండనేమో గాని విందు ఉన్న కాడ తప్పక ఉంట. కోడికూర ఇంకా ఉడుకుతున్నదంటే పిల్లల ఎనక కూసున్న. దావీదు మొదలువెట్టిండు. ఒక ఊర్ల ఒక ముసలామె. ఆమె ఇంటి మీద రెక్క ఇరిగిన గద్ద వడ్డది. ఆమె తినే అన్నంలకెల్లి దినాం ఒక పిడికెడు తీసి దానికి పెట్టింది. రెక్క నయమై గద్ద ఎల్లిపోయింది. కొన్నాళ్లకు ఆ ముసలామె మనుమరాలు తొట్టెల పండుకుంటే పాము వచ్చింది. గద్ద యాడికెల్లో దిగి పామును ఎత్తుకపోయింది. దావీదు వేలు లేచింది.

"నీతి. పిట్టకు పెట్టిన పిడికెడు ఊరికె పోదు."

చిన్న పిల్లలు ముక్కులు ఎగబీల్చిండ్రు. జెరూషా అయితే ఎక్కెక్కి ఏడ్చింది. గద్ద అన్నం తింటదా అని ఒక్కరు గూడ అడుగలే. నేను అడుగుదమనుకున్న గాని అప్పుడే విస్తర్లు వేసిండ్రు.

ఇక్కడ మా మందిరాల అలవాటు ఒకటి చెప్పాలె. ఆడోళ్లు ఎసరు పెట్టి బియ్యం పోసేటప్పుడు ఒక పిడికెడు తీసి పక్క డబ్బాల వేస్తరు. దేవుని బియ్యం అంటరు. ఆదివారం ఆ డబ్బా మందిరానికి తెస్తరు. పిల్లలు పుట్టినకాంచి చూస్తున్న పని అది. ఇగ దావీదు తాత నోట్లకెల్లి పిడికెడు అనే మాట వచ్చినంక వాళ్లు ఊకుంటరా? జెరూషా పాలపొడి డబ్బా ఒకటి కడిగి దాని మీద పిట్ట బొమ్మ గీసింది. దాన్ని చూసి పక్కింటి పిల్ల, ఆమెను చూసి ఎనకింటి పిల్లగాడు. వారం తిరగక ముందే ప్రతి ఇంట్ల రెండు డబ్బాలు తయారైనయి, ఒకటి దేవునికి, ఒకటి పిట్టలకు. పిల్లలకు భక్తి పెరిగిందని తల్లులు మురిసిండ్రు. పాస్టరయ్య గూడ ప్రసంగంల రెండు ముక్కలు మెచ్చుకున్నడు. పొద్దుగాల లేస్తే బస్తీల ఏ మిద్దె మీద చూసినా బియ్యం. పావురాలు దిగినయి, గోరింకలు దిగినయి.

బియ్యం తినే పిట్టలైతే వచ్చినయి గాని కథల ఉన్నది గద్ద. అది రాలే. పిల్లలు ఆ బాధ పోయి ఫహ్మీదా ఖాలాకు చెప్పుకున్నరు.

ఫహ్మీదా ఖాలా మా పక్క గల్లీల ఉంటది. ఆమె కొడుకు బర్కత్‌కు మటన్ దుకాణం. ప్రతి శుక్రవారం ఆమె మాంసం ముక్కలు మనుమడు హమ్జా నెత్తి చుట్టు తిప్పి, మిద్దెక్కి గద్దలకు విసురుతది. సద్ఖా అది, దేవుని పేరు మీద చేసే దానం, పిల్లగాని మీదికొచ్చే బలా, పీడ గద్దతోని ఎగిరిపోతదని. గద్ద కథ విన్నంక ఆమె గుండె కరిగిపోయింది. శుక్రవారం ఒక్కనాడు ఏం సరిపోతది అని దినాం వేసుడు మొదలువెట్టింది. ఆమెను చూసి గల్లీల ఇంకిద్దరు ఖాలాలు.

గద్దలు ఎంతగనం వచ్చినయంటే, మా బస్తీకి పొద్దుటి ఎండ దిగుడు బందయింది. బట్టలు ఆరలే. నా చేతిలకెల్లి సమోసా ఎత్తుకపోయిన గద్ద ఒకటి, కొంచెం సేపటికి మళ్లా వచ్చి చట్నీ యాడ ఉన్నదన్నట్టు నా భుజం మీద కూసున్నది. నేను దాన్ని ఒక్క చూపు చూసిన. అది అటే పోయింది.

దావీదు ఇవన్ని చూస్తలేడా? చూస్తున్నడు. పచ్చ కోటు సంచిల పెట్టుకొని డ్యూటీకి పొయ్యేటప్పుడు తలెత్తి చూసి, నా కథకు ఎంత బలం ఉన్నదో అని మురుసుకుంట పోతున్నడు. ఆ గద్దలే గోడ దాటి తన గడ్డి మీదికి వస్తున్నయని, తన మోకాళ్లు అందుకే ఎక్కువ గుంజుతున్నయని ఆ మనిషికి తట్టలే.

ఒక సోమవారం జీపు బస్తీలకే వచ్చింది. సూపర్‌వైజర్ వినోద్ కుమార్ దిగిండు. ఆంధ్ర దిక్కు మనిషి, మాట మెత్తగ ఉంటది, కత్తికి వెన్న రాసినట్టు. నేను హోటల్ కాడ చాయ్ తాగుతున్న. దావీదు గూడ పక్కనే ఉన్నడు.

"దావీదు గారూ, మీరుండేది ఇక్కడేనా అండీ?"

"అవును సార్. చాయ్ తాగుతరా?"

"వద్దండీ. ఒకసారి పైకి చూడండి."

దావీదు చూసిండు. నేను గూడ చూసిన. మబ్బు లెక్క తిరుగుతున్నయి.

"వాటి వెంటే వచ్చాను నేను," అన్నడు వినోద్ కుమార్. "ఎవరో పిల్లలు మేపుతున్నారని చెప్పారు. వాళ్లకు ఎవరో తాతగారు కథ చెప్పారట. మీకు కథలంటే ఇష్టం కదా, నేనూ ఒకటి చెప్తాను వినండి. ఒక కాపరి దగ్గర ముసలి కుక్క ఉండేదండి. పగలంతా మంద చుట్టూ తిరిగి తోడేళ్లను తరిమేది. సాయంత్రం ఇంటికెళ్లి తోడేలు పిల్లలకు పాలు పోసేది. ఈ సంగతి కాపరికి తెలిసింది. నీతి మీరు చెప్పండి."

దావీదు వేలు లేవలే. ఇన్నేండ్లల్ల ఆ వేలు లేవకపోవుడు నేను చూసింది అదే మొదలు. చాయ్ ఇంకోటి చెప్పిన, అంత మంచిగ అనిపించింది.

"పాలు పోసింది కుక్క గాదు సార్," అన్నడు మెల్లగ. "పిల్లలు."

"కుక్క చెబితేనే కదండీ పోశారు. వచ్చే సోమవారం మళ్లీ వస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే కొత్త కాగితంలో మీ పేరు ఉండదు. మోకాళ్లు నొప్పులంటున్నారు, హాయిగా విశ్రాంతి తీసుకుందురు గాని."

జీపు పోయింది. దావీదు గ్లాసుల చాయ్ మీద మీగడ కట్టింది.

"ఇగ ఏం జేస్తవ్ బాపు?" అని అడిగిన.

"ఆలోచిస్తున్న."

"గిండ్ల ఆలోచించేదేమున్నది? పిల్లలను పిలిచి, అరేయ్, మీరు బియ్యం చల్లితే నా కొలువు పోతది అని చెప్పు."

"గట్ల మొరటుగ చెప్తే మనసుకెక్కదు బిడ్డా. కథల వెట్టి చెప్పాలె."

అప్పుడు నాకు ఈ మనిషి సంగతి మొత్తం అర్థమయింది. ఆయన తన కోసం ఎవరినన్న ఏమన్న నేరుగ అడిగిన మనిషి గాదు. ఆకలైతే ఒక జింకకు ఆకలైందంటడు. ఫ్యాను కావాల్నంటే చీమను తెస్తడు. ఎనక దాక్కునేటందుకే ఆయనకు జంతువులు. లోకమేమో ఆయన జంతువుల తెలివిని మెచ్చుకుంటది.

శుక్రవారం నాడు ఫహ్మీదా ఖాలా ఇంటికి బయలెల్లిండు. తమాషా చూడాలె గదా, నేను గూడ ఎంటవడ్డ. ఆమె మిద్దె మీద చేతిల గిన్నె పట్టుకొని ఉన్నది. పైన గద్దలు వరుస కట్టినయి.

"ఆవో దావీద్ భాయ్. ఏంది, ఇంటిదాక వచ్చినవ్?"

"ఏం లేదు ఆపా. ఒక ముచ్చట యాదికొచ్చింది. ఒక ఊర్ల ఒక రాణి ఉండేదట. దినాం గద్దలకు మాంసం వేసేది. గద్దలు పెరిగి పెరిగి, ఆఖరికి ఆ రాణి కోడిపిల్లలనే ఎత్తుకపోయినయట."

"రాణికి కోళ్లెందుకు భాయ్? పైసలు లేకుండెనా?"

"కథ ఆపా."

"నా కాడ కోళ్లు లేవు. నీ రాణికి చెప్పు, పిల్లలను గంప కింద మూయాలె, రాజ్యం ఏలేటామెకు గంత తెలివి లేదా?" ఆమె ఒక ముక్క తీసి పైకి విసిరింది. గద్ద గాలిలనే అందుకున్నది. "చూసినవా, ఎంత మర్యాదగ, ఎంత అదబ్‌తోని తీస్కుంటదో. పోయినసారి హమ్జాకు జరమొస్తే ముక్క తిప్పి వేసిన, మగ్రిబ్ నమాజు వరకు దిగింది."

"అది కాదు ఆపా, నేను చెప్పేదేందంటే..."

"జర ఉండు, నేను చెప్పేది విను. నీ పాము కథ పిల్లలు చెప్పిండ్రు. నేను ఏడ్చిన భాయ్. మా బర్కత్ గూడ ఏడ్చిండు, గొర్రెలు కోసేటోడు. గంత మంచిగ చెప్తరా ఎవరన్న?"

అయిపోయింది. మెచ్చుకుంటే దావీదు మంచుగడ్డ ఎండల వెట్టినట్టే. రెండు చేతులు జోడించి నవ్వుకుంట నిలవడ్డడు. కొలువు పోతదన్న మాట గొంతులనే ఉండిపోయింది. మెట్లు దిగేటప్పుడు నాతోని అన్నడు, "బర్కత్ గూడ ఏడ్చిండట."

"నువ్వు ఎప్పుడు ఏడుస్తవ్, సోమారం నాడా?" అన్న.

ఆదివారం మందిరంల కొత్త కథ తీసిండు. ఇగ ఇదే ఆఖరి మోక. ఒక గద్ద ఉండేదట. అందరు పెట్టింది తిని తిని వేట మర్చిపోయింది. బలిసింది. ఒకనాడు ఎగురబోయి రెక్కలు ఆనక కింద వడి సచ్చింది.

"నీతి. పుక్కటి తిండి పానానికి చేటు. అందుకని పిట్టలకు ఏం పెట్టొద్దు."

వేలు ఇంకా పైననే ఉన్నది. జెరూషా లేచింది.

"తాతా, దానికి కొవ్వు ముక్కలు పెట్టిండ్రా?"

"ఏమో బిడ్డా. పెట్టిండ్రేమో."

"ఫహ్మీదా నానికి చెప్తం, కొవ్వు తీసేసి వెయ్యమని."

"బియ్యం గూడ కొంచెం కొంచెం పెడ్తం," అన్నడు ఇంకొకడు. "పొద్దుగాల కొంచెం, పొద్దుమూకి కొంచెం. మా నానమ్మకు షుగర్ అని గట్లనే పెడ్తరు."

"అప్పుడు బలవయి," అన్నది జెరూషా. పిల్లలందరు ఒప్పుకున్నరు. గద్దల దవాఖాన ఒకటి తెరిచేటట్టే ఉన్నరు. దావీదు వేలు మెల్లగ కిందికి దిగింది.

ప్రేమమ్మ మందిరం తలుపు కాడ నిలవడి ఇంటున్నది. ఆమె మాట్లాడుడు తక్కువ. ఇన్నేండ్ల సంసారంల ముంగిసలకు, ముసలి తాబేళ్లకు సందిచ్చి సందిచ్చి తన మాట దాచుకున్నది. కొంగుకు చేతులు తుడుసుకుంట పిల్లల నడుమకు వచ్చింది.

"పిల్లలూ, ఇటు చూడుండ్రి. మీ తాత ఏర్‌పోర్టుల పిట్టలను ఎల్లగొట్టే పని చేస్తడు. మీరు పెట్టవట్టి పిట్టలు వస్తున్నయి. అవి విమానానికి తగిలితే మనుషులు సస్తరు. రేపు పెద్దసారు వస్తడు. పిట్టలు కనవడితే తాత కొలువు పోతది. కొలువు పోతే మా ఇంట్ల పొయ్యి అంటుకోదు. ఇగ పెట్టకుండ్రి."

అంతే. నక్క లేదు, నీతి లేదు. దావీదు మొఖం చూస్తే, మందిమధ్యల ఎవరో అంగీ ఇప్పినట్టున్నది.

జెరూషా తాత దిక్కు చూసింది. ఆ పిల్ల ఏడుస్తదనుకున్న. కొంగలను క్షమించిన తాత, కాకులను మెచ్చుకున్న తాత, ఇట్లాంటోడా అని.

"తాతా, పిట్టలను ఎట్ల ఎల్లగొడ్తవ్?"

ఆయన చెప్పకుంటే నేను చెప్పనా?

"తుపాకితోని," అన్న.

"నిజం తుపాకా?"

"పటాకుల తుపాకి. శంషాబాద్‌ల కొడితే రావిర్యాలల బర్రెలు ఈనుతయి."

పిల్లల కండ్లు ఇంతింతయినయి. ఇన్నేండ్ల నీతి కథలకు ఎన్నడు అంత పెద్దగ కాలే.

"నీ కాడ తుపాకి ఉన్నదా తాతా?" అన్నది జెరూషా, మోసపోయిన మనిషి లెక్క. "తుపాకి పెట్టుకొని ఇన్నొద్దులు మాకు తాబేళ్ల గురించి చెప్పినవా?"

ప్రేమమ్మ ఆ పొద్దుమూకనే ఫహ్మీదా ఖాలా ఇంటికి పోయింది. అదే మాట, అట్లనే చెప్పింది.

"అయ్యో, ముందుగాల చెప్పొద్దా ప్రేమమ్మా," అన్నదట ఖాలా. "మీ ఆయన వచ్చి రాణి, కోళ్లు అని ఏందేందో చెప్పిండు. కోళ్లు పెంచుకుంటడేమో, అడిగేటందుకు మొహమాటపడుతున్నడేమో అనుకున్న. సద్ఖా గద్దకే ఇయ్యాలని యాడ ఉన్నది? గరీబు మనిషికి ఇస్తే ఇంకా సవాబు, ఇంకా పుణ్యం."

గరీబు మనిషి కోసం ఆమె దూరం ఎతుకలే. అప్పటికెల్లి గద్దల వాటా దావీదు ఇంటికే వస్తున్నది, బర్కత్ స్వయంగ తెచ్చిస్తడు. మొదటి పొట్లం వచ్చిన్నాడు నేను అక్కడనే ఉన్న. దావీదు పొట్లాన్ని దూరంకెల్లే చూసిండు.

"ఇది హమ్జా నెత్తి చుట్టు తిప్పిందేనా?"

"తిప్పితేంది?" అన్నది ప్రేమమ్మ. "ఉడుకవెడుతున్న గదా."

తిన్నడు. రెండోసారి గూడ పెట్టించుకున్నడు. అదబ్ మాత్రం గద్ద కాడనే ఎక్కువ ఉండె.

ఇగ సారు వస్తనన్న సోమవారం పొద్దుగాల జీపు వచ్చెవరకు బస్తీల ఉగాదా, పెండ్లా అన్నట్టున్నది. ప్రతి మిద్దె మీద పిల్లలు. గంటె, పళ్లెం, రేకు డబ్బా, ఏది చేతికొస్తే దాన్ని వాయిస్తున్నరు. పిట్ట బొమ్మ గీసిన పాలపొడి డబ్బాల రాళ్లు వోసి జెరూషా గలగల ఊపుతున్నది. హమ్జా గూడ ఎదురు మిద్దె మీద తువ్వాల తిప్పుతున్నడు. గద్దలు పైకి, ఇంకా పైకి పోయి కాటేదాన్ దిక్కు మర్లినయి. పావురం ఒకటి తెల్వక దిగబోతే పది గంటెలు ఒక్కసారి మోగినయి. అది గాలిలనే మనసు మార్చుకున్నది.

వినోద్ కుమార్ చెవులు మూసుకొని దిగిండు.

"దావీదు గారూ, వీళ్లందరినీ ఎవరు పెట్టారండీ?"

"మా మనుమరాలు సార్."

"జీతమెవరిస్తారు?"

"అడుగలే సార్ ఇంకా."

వినోద్ కుమార్ చాలాసేపు పైకి చూసిండు. ఒక్కటి గూడ లేదు. "సరే, ఈ ఏడాదికి ఉండండి," అన్నడు. ఇంకో కథ చెప్తడేమోనని నేను చూసిన గాని ఆ మోతల కథ చెప్పేటందుకు ఆయనకు గూడ ఓపిక లేదు. జీపెక్కి పోయిండు.

కొలువు నిలవడ్డది. దావీదు ఖుషీ కావాలె గదా? నాలుగు దినాలు ఎవరి మొఖం చూడకుండ తిరిగిండు. మళ్లా ఆదివారం వచ్చింది. ఈసారి విందు లేకున్నా పోయి కూసున్న. పిల్లలు ఎన్నడు లేనిది ముందే వచ్చి ఒకరినొకరు ఒత్తుకొని కూసున్నరు. దావీదు తెల్ల అంగీ సవరించుకున్నడు.

"ఒక అడివిల ఒక తొండ ఉండేదట..."

"తొండ వద్దు తాతా," అన్నది జెరూషా. "తుపాకి చెప్పు."

"అది కథ గాదు బిడ్డా. అది కొలువు."

"కొలువే చెప్పు."

దావీదు తలుపు దిక్కు చూసిండు. ప్రేమమ్మ అక్కడనే ఉన్నది గాని ఆమె మొఖంల ఏం లేదు. నా దిక్కు చూసిండు. నేను పండ్లు ఇకిలిచ్చిన. ఇగ గతి లేక, అప్పు తీర్చేటోని లెక్క తల వంచుకొని మొదలువెట్టిండు.

"పొద్దు పొడువక ముందు జీపు లోపటికి పోతది. గడ్డి తడిగ ఉంటది. దూరంకెల్లి దిగే విమానం లైట్లు కనవడ్తయి. అగ్గో, అప్పుడే తెల్లగ కొంగలు, గడ్డి నిండ."

"ఎన్ని?"

"మస్తు." ఆయన గొంతు కొంచెం లేచింది. "జీపు ఆపించిన. మోకాళ్లు నొస్తున్నయి గాని దిగిన. అడుగుల అడుగు వేసుకుంట పోయిన. పెద్ద కొంగ ఒకటి తల తిప్పి నన్ను చూసింది."

"అది ఏమన్నది తాతా?" అని ముందు వరుసల చిన్న పిల్ల అడిగింది.

దావీదు నోరు తెరిచిండు. ఆ కొంగకు ఏం బుద్ధి, ఏం భాష ఇయ్యాల్నో అంతా ఆయన నాలుక మీదికి వచ్చి నిలవడ్డది, నాకు కనవడుతనే ఉన్నది. పిల్లలందరు ఆయన చేతుల దిక్కు చూస్తున్నరు, నోటి దిక్కు గాదు.

"ఏమనలే బిడ్డా," అన్నడు. "నేను తుపాకి ఎత్తిన."

పిల్లలు చెవులు మూసుకున్నరు.